రుమేనియా అనాథశాలల పిల్లలు పెద్దవాళ్లయ్యాక

సభకు నమస్కారం. పసితనంలో ఎదురైన కష్టాలు పెద్దయ్యాక మనసు మీద ఏ ప్రభావం చూపుతాయో చెప్పమని నన్ను పిలిచారు. దెబ్బలు, లైంగిక హింస, తండ్రి తాగుడు, ఆకలి, ఇంట్లో అకాల మరణం, వలస, ఇవన్నీ ఆ మాట కిందికే వస్తాయి. ఉన్న కొద్ది సమయంలో అన్నిటినీ ముట్టుకుంటే ఏ ఒక్కటీ సరిగా అర్థం కాదు. అందుకని ఒకే ఒక్క ఉదంతాన్ని ఎంచుకున్నాను. అది రుమేనియా దేశపు ప్రభుత్వ అనాథశాలల్లో పెరిగిన పిల్లల సంగతి. లేమి ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగిసిందో తెలిసిన పిల్లలను యౌవనం దాకా వెంబడించి చూసే అవకాశం పరిశోధకులకు చాలా అరుదుగా దొరుకుతుంది. అక్కడ దొరికింది. మీలో బాలల సంక్షేమ సమితుల సభ్యులు, శిశుగృహాల సిబ్బంది ఉన్నారు కాబట్టి, ఆ పిల్లల గురించి తెలిసినది మీ రోజువారీ నిర్ణయాలకు నేరుగా పనికివస్తుందని నా నమ్మకం.

ముందు కొంచెం చరిత్ర. 1966 అక్టోబరులో రుమేనియా నియంత నికొలాయ్ చౌషెస్కు ప్రభుత్వం 770వ నంబరు డిక్రీ తెచ్చి, కొన్ని మినహాయింపులు తప్ప గర్భస్రావాన్ని నిషేధించింది. జనాభా పెరిగితే దేశం బలపడుతుందన్నది ఆయన లెక్క. గర్భనిరోధక సాధనాలు దొరకకుండా పోయాయి, పాతికేళ్లు దాటినా పిల్లలు లేనివారి మీద పన్ను పడింది. మరుసటి ఏడాదికే దేశంలో జననాల రేటు దాదాపు రెట్టింపయింది. 1980లలో విదేశీ అప్పులు తీర్చడానికి అదే ప్రభుత్వం ప్రజల తిండికీ కరెంటుకూ కోత పెట్టింది. కనమని చట్టం చేసినవారు పెంచే దారి చూపలేదు. పోషించలేని తల్లిదండ్రులు పిల్లలను ప్రభుత్వ సంస్థల్లో వదిలిపెట్టారు. 1989 డిసెంబరులో ఆ పాలన కూలి విదేశీ కెమెరాలు లోపలికి వెళ్లేసరికి, ఆ సంస్థల్లో ఉన్న పిల్లలు లక్షకు పైమాటే. వాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులు బతికే ఉన్నారు. అనాథశాల అనే మాటను అలవాటు కొద్దీ వాడుతున్నాను కానీ, ఆ పిల్లల్ని అక్కడికి చేర్చింది మరణం కంటే ఎక్కువగా పేదరికం. ఈ సంగతిని కాసేపు గుర్తుంచుకోండి.

ఆ గదుల్లో ఏముండేదో చెబుతాను. వరసగా ఊచల మంచాలు, ఒక్కోదానిలో ఒక పసిబిడ్డ. ఒక్కో ఆయా చేతి కింద పది పదిహేను మంది. పాలసీసాను పిల్లవాడి పక్కన ఆనించి పెట్టి ఆయా తర్వాతి మంచం దగ్గరికి పోయేది. లేవడం, తినడం, మలమూత్రాల కుండీల మీద వరసగా కూర్చోవడం, పడుకోవడం, అన్నీ గంట కొట్టినట్టు అందరికీ ఒకేసారి జరిగేవి. షిఫ్టు మారితే మనిషి మారేది. బయటి నుంచి వెళ్లినవారిని ముందుగా కలవరపెట్టింది అక్కడి నిశ్శబ్దం. అంతమంది పసిపిల్లలున్న గదిలో ఏడుపు వినపడేది కాదు. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని తెలిసిన బిడ్డే ఏడుస్తాడు. ఎన్నిసార్లు ఏడ్చినా ఎవరూ రాకపోతే కొన్నాళ్లకు మానేస్తాడు. మంచంలో కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగడం, తన చేతులను తానే కళ్లముందు ఆడించుకుని చూసుకోవడం అక్కడి పిల్లల్లో సర్వసాధారణం.

మన ఇళ్లలో మూడు నెలల పాప ‘ఉంగా’ అంటే, పనిలో ఉన్న తల్లి అక్కడి నుంచే ‘ఏంటమ్మా, ఏం కావాలి?’ అంటుంది. పాప మళ్లీ ‘ఉంగా’ అంటుంది, ఈసారి అమ్మమ్మ అందుకుంటుంది. ఎవరూ దీన్ని చదువు అనుకోరు. కానీ రోజుకు ఎన్నోసార్లు జరిగే ఈ మాటామంతీ మీదే పసిమెదడు తన నిర్మాణాన్ని సాగిస్తుంది. చూపు, భాష, భయాన్ని అణచుకునే శక్తి, ఎదుటి మనిషి ముఖం చదవడం, ఇవన్నీ బయటి నుంచి స్పందన వస్తుందన్న భరోసాతో ఎదిగే సామర్థ్యాలు. బిడ్డను కొట్టినవాళ్లు లేకపోయినా, పలికినవాళ్లు లేకపోవడం కూడా దెబ్బే. మనం కొట్టిన దెబ్బనైతే గుర్తుపడతాం, కేసు పెడతాం. పలకరింపు లేకపోవడం ఒంటి మీద కనపడదు, అందువల్ల ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

2000 సంవత్సరం తర్వాత చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు రాజధాని బుకారెస్ట్‌లో ఒక అధ్యయనం ప్రారంభించారు. నగరంలోని ఆరు సంస్థల నుంచి 6 నెలలకూ 31 నెలలకూ మధ్య వయసున్న 136 మంది పిల్లలను తీసుకున్నారు. చీట్లు తీసినట్టు యాదృచ్ఛికంగా సగం మందిని, అంటే 68 మందిని, జీతమిచ్చి శిక్షణ ఇచ్చిన పెంపక కుటుంబాలకు పంపారు. మిగతా సగం అప్పటి పద్ధతి ప్రకారం సంస్థల సంరక్షణలోనే కొనసాగారు. వీరితో పోల్చడానికి అదే నగరంలో సొంత ఇళ్లలో పెరుగుతున్న పిల్లలను మరో జట్టుగా తీసుకున్నారు.

ఇది వినగానే మీలో కొందరి ముఖాలు మారాయి. సగం మందిని తెలిసి తెలిసీ అక్కడే ఉంచారా అని మీ ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదే, పరిశోధనా లోకంలో కూడా చాలాకాలం నలిగింది. వారి సమాధానం ఇది: అప్పటికి బుకారెస్ట్‌లో పెంపక కుటుంబాల ఏర్పాటు దాదాపు లేనే లేదు, పరిశోధకులే డబ్బు సమకూర్చి దాన్ని నిర్మించాల్సి వచ్చింది. అక్కడి అధికారుల్లో సంస్థలే మేలనేవారూ ఉన్నారు, వారిని ఒప్పించే రుజువు కావాలి. సంస్థలో ఉన్న ఏ బిడ్డకైనా సొంత ఇల్లో దత్తతో మరో కుటుంబమో దొరికితే అధ్యయనం కోసం ఎవరినీ ఆపకూడదని మొదటే నియమం పెట్టుకున్నారు. ఆ తర్వాత ప్రభుత్వమే పెంపక కుటుంబాలను విస్తరించినప్పుడు రెండో సగంలో చాలామంది బయటికి వచ్చారు కూడా. నా మటుకు నాకు ఈ సమాధానం సబబుగానే తోస్తుంది. అయినా మనసులో ముల్లు మాత్రం మిగులుతుంది, మిగలాలి కూడా.

ఫలితాలకు వద్దాం. మూడున్నరేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెడితే సంస్థల్లో ఉన్నవారి సగటు 77, కుటుంబాలకు వెళ్లినవారిది 86, సొంత ఇళ్ల పిల్లలది 103. మధ్యలోని ఆ 86ను విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఏడాదిన్నర లోపు కుటుంబంలోకి వెళ్లినవారి సగటు దాదాపు 94, రెండున్నరేళ్లు దాటాక వెళ్లినవారిది 80. ఎంత త్వరగా వెళ్తే అంత మేలు. మెదడు విద్యుత్ తరంగాలు, తల్లి స్థానంలో ఉన్న మనిషితో బంధం, ఒత్తిడికి శరీరం ఇచ్చే స్పందన, ఇలా చాలా కొలతల్లో రెండేళ్ల వయసు దగ్గర ఒక మలుపు కనిపించింది. ప్రతి సామర్థ్యానికీ అదే గడువు కాదు, కొన్నిటికి ముందే, కొన్నిటికి ఆలస్యంగా.

మానసిక వ్యాధుల విషయంలో చిత్రం ఇంత సూటిగా లేదు. నాలుగున్నరేళ్ల వయసులో చూస్తే ఆందోళన, దిగులు వంటి రుగ్మతలు సంస్థల పిల్లల్లో 44 శాతం మందికి ఉంటే, పెంపక కుటుంబాలకు చేరినవారిలో 22 శాతం మందికి ఉన్నాయి. సగానికి సగం తగ్గాయి, అదీ ముఖ్యంగా ఆడపిల్లల్లో. కొత్త తల్లితో గట్టి బంధం ఏర్పడిన చోట ఈ తగ్గుదల ఎక్కువగా కనిపించింది. కానీ నిలకడలేనితనం, అతిచురుకుదనం, అంటే మనం ఏడీహెచ్‌డీ అంటున్న లక్షణాలు, కుటుంబానికి చేరినా తగ్గలేదు. ఒకే లేమి వేర్వేరు సామర్థ్యాలను వేర్వేరు దారుల్లో దెబ్బతీస్తుంది, మందు కూడా అన్నిటికీ ఒకేలా పనిచేయదు.

ఒక పరీక్ష గురించి తప్పక చెప్పాలి. పిల్లవాడు తనను పెంచుతున్న మనిషి దగ్గర ఉండగా తలుపు చప్పుడవుతుంది. గుమ్మంలో ఎన్నడూ చూడని మనిషి నిలబడి, ‘నాతో రా, నీకొకటి చూపిస్తాను’ అంటుంది. సొంత ఇంట్లో పెరిగిన నాలుగున్నరేళ్ల పిల్లలు సాధారణంగా తల్లి కొంగు పట్టుకుంటారు, లేదా ఆమె ముఖంలోకి చూస్తారు. వెళ్లినవారు ఏ ఒకరిద్దరో. సంస్థల సంరక్షణలో ఉన్న జట్టులో దాదాపు సగం మంది వెనక్కి తిరిగి చూడకుండా ఆ మనిషి వెంట నడిచారు. పెంపక కుటుంబాలకు వెళ్లిన జట్టులో నాలుగో వంతు మంది అదే పని చేశారు. ఇటువంటి పిల్లలను చూసినప్పుడు సందర్శకులు ‘ఎంత కలివిడిగా ఉన్నారో, కొత్తపాత లేదు’ అని మెచ్చుకోవడం మనం ఎన్నోసార్లు విన్నాం. పండ్లు పంచడానికి వెళ్లిన ప్రతివారి ఒళ్లోకీ ఎక్కే రెండేళ్ల పిల్లను చూసి మురిసిపోకండి. ఆ పిల్లకు తనది అనే మనిషి ఎవరూ లేరేమోనని ముందు అనుమానించండి.

శరీరం లోపలి సంగతి క్లుప్తంగా చెబుతాను. భయం కలిగినప్పుడు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి, ప్రమాదం గడిచాక తగ్గాలి. ఎప్పుడూ హింస మధ్య పెరిగిన కొందరు పిల్లల్లో ఈ వ్యవస్థ చిన్న శబ్దానికే లేచి కూర్చుంటుంది. బుకారెస్ట్ పిల్లలకు పన్నెండేళ్ల వయసులో నలుగురి ముందు మాట్లాడటం వంటి ఒత్తిడి పెట్టి కొలిస్తే ఇందుకు భిన్నంగా కనిపించింది. సంస్థల సంరక్షణలో కొనసాగినవారిలో ఆ స్పందన మందగించి ఉంది. రెండేళ్ల లోపు కుటుంబం దొరికినవారిలో మాత్రం అది సొంత ఇళ్ల పిల్లల స్పందనకు దగ్గరగా వచ్చింది. కాబట్టి హింసనూ నిర్లక్ష్యాన్నీ ఒకే గంపలో వేసి ‘ఒత్తిడి’ అని పేరు పెట్టడం శాస్త్రరీత్యా పొరపాటు. రెండూ హాని చేస్తాయి, చేసే తీరు వేరు.

ఇక వీరు పెద్దయ్యాక ఏమయ్యారన్నది. ఇందుకు బ్రిటన్‌కు వెళ్లాలి. 1990, 1992 మధ్య రుమేనియా నుంచి బ్రిటిష్ కుటుంబాలు దత్తత తీసుకున్న పిల్లల్లో 165 మందిని సర్ మైకేల్ రటర్ బృందం నాలుగు, ఆరు, పదకొండు, పదిహేనేళ్ల వయసుల్లోనూ, తిరిగి ఇరవైల తొలినాళ్లలోనూ పరిశీలించింది. బ్రిటన్‌లోనే పుట్టి ఆరు నెలల లోపు దత్తత వెళ్లిన 52 మందితో వారిని పోల్చారు. సంస్థలో ఆరు నెలల కంటే తక్కువ గడిపిన రుమేనియా పిల్లలు దాదాపుగా బ్రిటిష్ పిల్లల్లాగే పెరిగారు. ఎముకల గూళ్లలా విమానం దిగిన బిడ్డలు కూడా అందులో ఉన్నారు. ఆరు నెలలు దాటి గడిపినవారి కథ వేరు. ఆటిజాన్ని పోలిన లక్షణాలు, కొత్తవారితో హద్దులేని చనువు, నిలకడలేనితనం వారిలో చిన్ననాడు కనిపించి యౌవనం దాకా వదలలేదు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెతను ఇక్కడ అప్పజెప్పాలనిపిస్తుంది. తొందరపడకండి. అదే జట్టులో చిన్నప్పుడు బాగా వెనకబడిన తెలివితేటలు ఇరవై ఏళ్లు దాటేసరికి చాలావరకు కోలుకున్నాయి. ఆరు నెలలకు పైగా ఆ నరకంలో ఉన్నవారిలో ఐదో వంతు మందికి ఏ వయసు పరీక్షలోనూ చెప్పుకోదగ్గ సమస్య కనిపించలేదు. మరోవైపు, దిగులు, ఆందోళన మాత్రం చిన్ననాడు అంతగా కనపడకుండా పదిహేనేళ్లు దాటి యౌవనంలోకి వస్తుండగా పైకి తేలాయి. 2020లో వెలువడిన స్కానింగ్ ఫలితాల్లో ఈ యువకుల మెదడు పరిమాణం పోల్చిన జట్టు కంటే సగటున 8.6 శాతం తక్కువగా ఉంది. సంస్థలో గడిపిన నెలలు పెరిగేకొద్దీ ఆ తేడా కూడా పెరిగింది. ఇరవై ఏళ్ల పాటు ప్రేమగా పెంచిన ఇల్లు కొన్నిటిని సరిచేసింది, కొన్నిటిని చేయలేకపోయింది, కొన్ని అసలు అప్పటిదాకా బయటపడనే లేదు. నా దృష్టిలో ఈ మూడో మాటే అన్నిటికంటే ముఖ్యమైనది. దానికి చివర్లో మళ్లీ వస్తాను.

ఈ ప్రసంగాలు విన్నాక కొందరు తల్లులు నా దగ్గరికి వచ్చి, ఉద్యోగం కోసం ఏడాది పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలాను, పాపం చేశానా అని అడుగుతుంటారు. లేదమ్మా. అమ్మమ్మ ఉంది, ఎత్తుకుంటుంది, విసుక్కుంటుంది, కథ చెబుతుంది, రాత్రి పక్కలో వేసుకుంటుంది. రుమేనియాలో లేనిది సరిగ్గా అదే. తల్లే కావాలని ఈ అధ్యయనాలేవీ అనలేదు, నిలకడగా ఉండే మనిషి కావాలని అన్నాయి. ఈ తేడా తెలియకుండా తల్లులను భయపెట్టే వీడియోలు తెలుగులో కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి.

అటువంటిదే ఇంకొక దుర్వినియోగం గురించి హెచ్చరించాలి. అమెరికాలో శాన్ డియాగో నగరంలో విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండా 1998లో ప్రచురించిన అధ్యయనం చాలా ప్రసిద్ధం. స్థూలకాయ చికిత్సలో బరువు బాగా తగ్గుతున్నవారే మధ్యలో ఎందుకు మానేస్తున్నారని ఫెలిటీ ఆరా తీస్తే, చాలామంది చిన్ననాటి లైంగిక హింస గురించి చెప్పడంతో ఆ పని మొదలైంది. 9,508 మంది పెద్దవాళ్లను బాల్యపు కష్టాల గురించి ఏడు రకాలుగా అడిగారు. ఏ కష్టమూ చెప్పనివారితో పోలిస్తే నాలుగు లేదా అంతకంటే ఎక్కువ చెప్పినవారిలో తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. సమాజం మొత్తానికి ఇది విలువైన పాఠం. కానీ ఇప్పుడు ఆ ప్రశ్నావళిని ఫోనులో నింపి ‘నా స్కోరు ఆరు, నా బతుకింతే’ అనుకునేవారు వస్తున్నారు. ఒక మనిషి భవిష్యత్తు చెప్పడానికి ఆ స్కోరు పనికిరాదని ఆండానే స్వయంగా 2020లో హెచ్చరించారు. పైగా, బాల్యంలో నమోదైన హింసకూ పెద్దయ్యాక గుర్తుచేసుకుని చెప్పే హింసకూ పొంతన చాలా తక్కువ. అమెరికాలో బాల్యపు హింస గురించి కోర్టు రికార్డులున్నవారినీ లేనివారినీ కలిపి 1,196 మందిని పరిశీలించిన డనీసీ, విడమ్‌ల పరిశోధనలో, రికార్డు ఉన్నా తాము హింసకు గురయ్యామని చెప్పనివారిలో మానసిక వ్యాధుల ముప్పు పెద్దగా పెరగలేదు. తనకు జరిగిందని మనిషి చెప్పుకున్నప్పుడే, రికార్డు ఉన్నా లేకపోయినా, ముప్పు ఎక్కువగా కనిపించింది. జరిగినదాన్ని మనిషి ఎలా మోస్తున్నాడన్నది కూడా వ్యాధిలో భాగమే. చికిత్సకు చోటున్నది అక్కడే.

ఇక మన సంగతి. 2015 నాటి బాలల న్యాయ చట్టం సంస్థాగత సంరక్షణను చిట్టచివరి మార్గంగా మాత్రమే వాడమంటుంది. రుమేనియా 2004లో చేసిన చట్టంతో, తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి, రెండేళ్ల లోపు పిల్లలను సంస్థల్లో పెట్టడాన్నే నిషేధించింది. అందువల్ల సమితి ముందుకు ఆరు నెలల బిడ్డ ఫైలు వచ్చినప్పుడు, ఒక సంతకం కోసం మూడు నెలలు ఆగడాన్ని కార్యాలయపు జాప్యంగా చూడకండి. సంతకం పడేనాటికి ఆ బిడ్డ బతికిన కాలంలో అది మూడో వంతు. శిశుగృహానికి తనిఖీకి వెళ్లినప్పుడు గోడల రంగు, బొమ్మల సంఖ్య రాసుకుని రావడం మన అలవాటు. నేనైతే ఒక ఆయమ్మను పిలిచి, ఈ బిడ్డకు పొద్దున ఎవరు తాగించారు, నిన్న రాత్రి ఎవరు పడుకోబెట్టారు, దేనికి నవ్వుతుంది అని అడుగుతాను. మూడింటికీ ఒకే మనిషి వెంటనే జవాబు చెబితే ఆ బిడ్డ కొంత నయం.

పేదరికం వల్ల వదిలేసిన పిల్లలని ఇందాక గుర్తుంచుకోమన్నాను. అమెరికాలోని నార్త్ కరోలినాలో జేన్ కాస్టెల్లో బృందం పిల్లల మానసిక ఆరోగ్యాన్ని గమనిస్తుండగానే, 1996లో చెరోకీ తెగ తమ ప్రాంతంలో కాసినో తెరిచి లాభాన్ని కుటుంబాలకు పంచడం మొదలుపెట్టింది. పేదరికం నుంచి బయటపడిన ఇళ్ల పిల్లల్లో మొండితనం, దుందుడుకు ప్రవర్తన వంటి లక్షణాలు తగ్గి, ముందు నుంచీ పేదరికం లేని పిల్లల స్థాయికి వచ్చాయి. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక దొరకడమే ఇందుకు ముఖ్య కారణంగా తేలింది. దిగులు, ఆందోళన మాత్రం డబ్బుతో వెంటనే తగ్గలేదు. బిడ్డను సంస్థలో పెట్టి పోషించే ఖర్చులో కొంత ఆ తల్లికే నెలనెలా అందిస్తే బిడ్డ ఇంట్లోనే ఉంటాడేమోనని ముందు లెక్క వేయడం సమితి చేయగల పని. స్పాన్సర్‌షిప్ సాయం అందుకే ఉంది.

చివరిగా ఇందాకటి మూడో మాట. సంస్థల్లో పెరిగిన పిల్లలకు మన నిబంధనల్లో పద్దెనిమిది నిండాక అనంతర సంరక్షణ ఉంది. అది ఇరవై ఒకటి దాకా, అసాధారణ పరిస్థితుల్లో ఇరవై మూడు దాకా. బ్రిటన్ అధ్యయనంలో దిగులు, ఆందోళన స్పష్టంగా బయటపడింది ఇరవై రెండు, ఇరవై ఐదేళ్ల మధ్య జరిపిన పరీక్షల్లో. మన సాయం ఆగే వయసు, వారి వ్యాధి కనిపించే వయసు దాదాపు ఒకటే. అప్పటికి ఆ యువకుడు ఏ పట్నంలోనో అద్దె గదిలో ఉంటాడు, మన రిజిస్టరులో అతని పేరు పక్కన ‘విడుదల’ అని ఉంటుంది. అనంతర సంరక్షణ అంటే వృత్తి శిక్షణ, కొంత డబ్బు అనే ఆలోచిస్తున్నాం. ఫోను చేస్తే పేరుపెట్టి పలికే ఒక మనిషిని కనీసం ఇరవై ఐదేళ్ల దాకా కేటాయించడం, ఏడాదికోసారి మానసిక ఆరోగ్య పరీక్ష చేయించడం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416ను వెళ్లేరోజు చేతిలో పెట్టడం, ఈ మూడూ జిల్లా స్థాయిలోనే చేసుకోగల ఏర్పాట్లు. వీటిలో మీ జిల్లాలో ఏవి సాధ్యం, ఏవి కావు అన్నది నాకంటే మీకే బాగా తెలుసు. మిగిలిన సమయం ఆ చర్చకు వదులుతున్నాను.